పంజరంలో ఊద కుచ్చు

మా మిరప కుడికాలికి మూడు వేళ్ళే ఉన్నాయి. నాలుగోది పోయింది నా కుట్టుదారం వల్ల.

మాది తెనాలి. ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు, పిల్లల గౌన్లు కుడతాను, చీరలకు ఫాల్స్ వేస్తాను. రెండేళ్ళ కిందట మా అమ్మాయి పుట్టినరోజుకి పట్టుబట్టి ఒక జత జీబ్రా ఫించ్ పిట్టల్ని కొనిపించుకుంది. రేగిపండంత తల, గుప్పిట్లో దాగే ఒళ్ళు, పన్నెండు గ్రాముల బరువు. మగదానికి పండుమిరప రంగు ముక్కు, చెంపల మీద ఇటుకరంగు బొట్టు, రొమ్ము మీద సన్నటి నల్లచారలు. ఆడది మొత్తం బూడిద రంగు. అందుకని మిరప, జీలకర్ర అని పేర్లు పెట్టింది అమ్మాయి. అరుపు మాత్రం తిరునాళ్ళలో పిల్లలు ఊదే పీకబూర లాగా ఉంటుంది. మిషను చప్పుడులో కూడా వినపడుతుంది.

కొన్నచోట "కొర్రలు వేయండి, నీళ్ళు పెట్టండి, ఇంకేం అక్కర్లేదు" అన్నారు. అలాగే చేశాను. పొద్దున గిన్నె నిండా కొర్రలు పోస్తే నాలుగు ముద్దలు తిన్నట్టు తిని, ఆ తరవాత రెండు ప్లాస్టిక్ పుల్లల మధ్య అటు దూకడం, ఇటు దూకడం. రోజంతా అదే పని. నెల తిరిగేసరికి జీలకర్ర మిరప మెడ వెనక ఈకలు పీకడం మొదలుపెట్టింది. మొగుడూ పెళ్ళాల గొడవలే అనుకుని నవ్వుకున్నాం.

ఇంతలో మిరపకి గూడు కట్టాలని బుద్ధి పుట్టింది. పంజరం ఊచల్లోంచి మెడ సాచి, నేను కింద పడేసిన దారప్పోగుల కోసం ఆరాటపడుతుంటే ముచ్చటేసింది. మెత్తగా ఉంటాయి కదా అని గుప్పెడు దారాలు లోపల వేశాను. మర్నాడు తెల్లారేసరికి అది గూటి పెట్టెకి తలకిందులుగా వేలాడుతోంది. పాలిస్టర్ దారం వేలికి నాలుగు చుట్లు తిరిగి బిగుసుకుపోయింది. జాకెట్టు కుట్లు విప్పే చిన్న కత్తెరతో, చేతులు వణుకుతుండగా, ఒక్కొక్క పోగూ కోశాను. ప్రాణం దక్కింది. వేలు నల్లబడి పది రోజులకి ఎండి రాలిపోయింది.

అప్పుడే ఊరి నుంచి మా అత్తయ్య వచ్చింది. జరిగింది విని, "దారంతో గూడు కట్టే పిట్టని ఎక్కడన్నా చూశావటే అమ్మాయ్? దానికి గడ్డి కావాలి గానీ" అంది. ఆకుల్ని పీచుతో కుట్టే దర్జీపిట్ట సంగతి నాకా క్షణాన గుర్తు రాలేదు, వస్తే వాదించేదాన్నే. రాకపోవడమే మంచిదైంది.

మా అత్తయ్య నలభై ఏళ్ళు కలుపు కూలికి వెళ్ళిన మనిషి. డెల్టాలో నాట్లు పడ్డాక ఆడవాళ్ళు బారులు తీరి, నడుం వంచి తీసే కలుపులో మొదటి శత్రువు ఊద. మొక్కగా ఉన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది. వరి మడిలో వరి వేషం వేసుకుని పెరుగుతుంది. "ఎలా గుర్తు పడతారు?" అని అడిగితే అత్తయ్య రెండు మొక్కలు తెచ్చి చూపించింది. ఆకు కాడని అంటుకునే చోట వరికి తెల్లటి పొర, రెండు చిన్న చెవులు ఉంటాయి. ఊదకి ఆ చోటు నున్నగా ఉంటుంది. పొరా లేదు, చెవులూ లేవు. "చెవుల్లేనిది పీకెయ్యడమే." ఆ తరవాత పుస్తకాల్లో చూస్తే వ్యవసాయ శాస్త్రం చదివేవాళ్ళకు చెప్పే గుర్తు కూడా ఇదేనట. ఊద వరి కంటే ముందు ఈనుతుంది. వరి కోతకొచ్చే లోపే గింజ రాల్చుకుని, వచ్చే ఏడాదికి విత్తనం దాచుకుంటుంది. అందుకే రైతుకు దానిమీద అంత కోపం.

ఆ వారం అత్తయ్య ఊరికెళ్ళి పెరటి బావి దగ్గర, ఏ మందూ తగలని చోట పెరిగిన ఊద కంకుల్ని తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. గింజలింకా ఆకుపచ్చగానే ఉన్నాయి. గోటితో నొక్కితే తెల్లటి పాలు వచ్చాయి. నాలుగు కంకులు పంజరం ఊచలకు కట్టి పక్కకు తప్పుకున్నాం.

మొదట రెండూ భయపడి మూలకి చేరాయి. పావుగంటకి జీలకర్ర ఒక కంకి మీదకి దూకింది. కాడ వంగింది. పిట్ట కిందికి జారింది, రెక్కలు కొట్టుకుని మళ్ళీ పట్టుకుంది. ఒక్క గింజ లాగి, నాలుక మీద తిప్పి, పొట్టు వదిలేసి మింగింది. ఇక ఆ సాయంత్రం దాకా ప్లాస్టిక్ పుల్లల వైపు చూడలేదు. నాలుగు నెలలుగా మా ఇంట్లో ఉన్న పిట్టలు పని చేస్తుంటే అదే మొదటిసారి చూడడం.

ఎందుకిలా అని తరవాత కుతూహలంతో చదువుకున్నాను. జీబ్రా ఫించ్‌ల సొంత గడ్డ ఆస్ట్రేలియా నడిమధ్య మెట్టభూములు. అక్కడి వాన మనలాగా నెల ప్రకారం రాదు. వచ్చినప్పుడు గడ్డి మొలుస్తుంది, ఈనుతుంది, గింజ కడుతుంది. ఈ పిట్టలు గుంపులుగా నేలమీద తిరుగుతూ రాలిన గింజలు ఏరుకుంటాయి, లేత కంకులు ఎక్కి పాలగింజలు లాక్కుంటాయి. పిల్లలకు మేపేది ఎక్కువగా ఆ పాలగింజలే. పగలంతా వాటికదే వృత్తి. ఆ వృత్తిని గిన్నెలో పోసి చేతికిచ్చేస్తే మిగిలిన పొద్దంతా అవి ఏం చెయ్యాలి? జీలకర్ర ఈకలు పీకడం గొడవ వల్ల కాదు, చేతిలో పని లేకపోవడం వల్ల. కంకులు కట్టడం మొదలెట్టిన నెలకి మిరప మెడ మీద మళ్ళీ నూగు వచ్చింది.

ఇంకో తమాషా. పొట్టు వలిచి తినే పిట్టలు గనక గిన్నెలో పైన పొట్టే పేరుకుంటుంది. చూసేవాళ్ళకి గిన్నె నిండుగానే కనిపిస్తుంది. "ఇంకా ఉంది కదా" అనుకుని గింజలు పోయకపోతే పిట్ట పస్తుంటుంది. ఇంత చిన్న ఒంటికి ఒక్క రోజు పస్తు కూడా ప్రమాదమే. అందుకే రోజూ గిన్నె మీద మెల్లగా ఊదాలి. కంకుల మీద ఎంత ప్రేమ ఉన్నా గింజల గిన్నె ఉండాల్సిందే, కంకి దానికి తోడు మాత్రమే. రోజుకు ఒక పిట్ట మూడు నాలుగు గ్రాముల గింజలు తింటుంది. అంటే ఒక చిన్న చెంచా.

ఈ పిట్టలంటే శాస్త్రజ్ఞులకు మహా మోజు. కొడుకు తండ్రి దగ్గర పాట ఎలా నేర్చుకుంటుందో తెలుసుకోవడానికి ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో వీటినే పెంచుతారు. కోడి తరవాత జన్యుక్రమం పూర్తిగా చదివిన రెండో పక్షి ఇదే, 2010లో. నాకు పనికొచ్చింది మాత్రం స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2014లో ప్రచురించిన ఒక ప్రయోగం. గూడు కట్టే మగ ఫించ్‌లకు మెత్తగా వంగిపోయే దారం, బిరుసుగా నిలబడే దారం ఇచ్చి చూశారు. ఒకసారి కట్టి చూశాక అవి బిరుసుదానివైపే మొగ్గాయి. బిరుసుదైతే తక్కువ ముక్కలతోనే గూడు నిలబడుతుంది మరి. చదవగానే మా అత్తయ్యకి చెప్పాను. "అంత దూరం వెళ్ళి కనుక్కున్నారా పాపం" అంది.

దారం మానేశాక గూటికి మేమిచ్చింది ఎండు గరిక. నేలమీద పాకే తీగల్ని పీకి, కడిగి, నీడలో ఆరబెట్టి, బెత్తెడు పొడుగున కత్తిరించేదాన్ని. లోపలి మెత్తకి రెల్లు పూల తెల్లని నూగు కొంచెం, పంజరంలో రాలిన వాటి ఈకలే ఇంకొంచెం. కొబ్బరి పీచు కూడా మంచిదే, అయితే పొడుగ్గా ఉంచకూడదు. వేలెడు ముక్కలు చేయాలి, లేకపోతే దారం కథే మళ్ళీ. వరిగడ్డి మాత్రం మానుకున్నాను. మా చుట్టుపక్కల మందు కొట్టని చేలో వరిగడ్డి దొరకడం కష్టం.

మిరప గూడు చూస్తే గిజిగాడి గూడు గుర్తొస్తుందేమో అనుకుంటారు. అంత సీను లేదు. గిజిగాడు నేతగాడు. ఆకు అంచుని చీల్చి పచ్చి పోగులు తీసి ముళ్ళు వేసి అల్లుతాడు. ఫించ్‌కి నేత రాదు. ఒక్కొక్క పుల్లా తెచ్చి గుచ్చడం, కుక్కడం, అంతే. మోసేది మగది, లోపల కూర్చుని సర్దేది ఆడది. మిరప తెచ్చిన పుల్ల నచ్చకపోతే జీలకర్ర దాన్ని బయటికి నెట్టేసేది. ఆ పని చూడ్డానికి మా వీధి పిల్లలు గుమ్మంలో కూర్చునేవాళ్ళు.

కానీ ఇక్కడొక చిక్కుంది, ముందే చెప్పేవాళ్ళు లేక నేను దెబ్బతిన్నాను. పాలకంకులు రోజూ పెడితే ఈ పిట్టలు "వాన పడింది, పిల్లల్ని కనే కాలం వచ్చింది" అనుకుంటాయి. గుడ్లు పెడతాయి, సుమారు రెండు వారాలకి పిల్లలు బయటికొస్తాయి, మూడు వారాలకి గూడు దిగుతాయి, అవి దిగకముందే మళ్ళీ గుడ్లు. జీలకర్ర ఆరు నెలల్లో మూడు విడతలు పెట్టి చిక్కి సగమైంది. గుడ్డు గుల్లకు కావాల్సిన సున్నం ఒంట్లోంచే లాగేసుకుంటుంది కదా. అందుకని ఇప్పుడు గూటి పెట్టె తీసేశాను. పాలకంకి వారానికి రెండుసార్లే, మిగతా రోజుల్లో పండి ఎండిన కంకి. కటిల్ ఎముక ముక్క ఎప్పుడూ ఊచలకు గుచ్చి ఉంటుంది. పుట్టిన పిల్లల్ని తెలిసినవాళ్ళకి ఇచ్చేశాం, వాళ్ళకి పిట్టలతోపాటు కొర్ర విత్తనాలు కూడా పొట్లం కట్టి ఇచ్చాను.

అవును, కొర్రలు. పెంపుడు పిట్టల దుకాణాల్లో అందమైన ప్యాకెట్లో నాలుగు కంకులు పెట్టి మిల్లెట్ స్ప్రే అని అమ్ముతారు. ధర విని కళ్ళు తిరిగాయి. ఇంటికి తెచ్చి విప్పితే అత్తయ్య పకపకా నవ్వింది. "కొర్ర కంకేనే ఇది!" నిజమే, కొర్ర కంకే. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం అని ఊరూరా చెప్పారు గానీ, ఇదొక్కటి ఎవరూ చెప్పలేదు. మిద్దె మీద పెయింటు డబ్బాలకు అడుగున చిల్లులు పొడిచి కొర్రలు, సజ్జలు చల్లాను. ఏడెనిమిది వారాలకు పాలకంకి చేతికొస్తుంది. వంటకు కొనే కొర్రబియ్యం చల్లితే మొలవవు, పొట్టు తీసేసి ఉంటాయి. పిట్టల మేతగా అమ్మే పొట్టు కొర్రలు కావాలి. విత్తనాల కొట్లో గులాబీ రంగు పూసి అమ్మేవి పొలానికి మాత్రమే, అవి తెగుళ్ళ మందు పట్టించిన గింజలు. అటువైపు పోవద్దు.

గడ్డి ఎక్కడ కోస్తున్నామన్నది, ఏ గడ్డి అన్నదానికంటే ముఖ్యం. పొలం గట్టు పచ్చగా పిలుస్తుంటుంది, కానీ వారం కిందట కలుపుమందు కొట్టారో, పురుగుమందు కొట్టారో మనకు తెలియదు. పన్నెండు గ్రాముల ఒంటికి చుక్కలో చుక్క చాలు. రోడ్డు పక్కన దుమ్ము, పొగ. మురుగు కాలవ గట్టున ఎలుకలు తిరుగుతాయి. అందుకే మిద్దె మీది డబ్బాలు, అత్తయ్య పెరడు, ఖాళీ స్థలం ఉన్న ఒక స్నేహితురాలి ఇల్లు, ఇవి మూడే నా పచ్చికబయళ్ళు. అక్కడ కోసినా సరే రెండు నీళ్ళలో కడిగి, దులిపి పెడతాను. తడిగా పెడితే ఇంకా ఇష్టం వాటికి. ఆకుల మీది నీళ్ళలో రెక్కలు రాసుకుంటూ స్నానం చేస్తాయి. మర్నాటికి వాడిన గడ్డి తీసెయ్యాలి. మన తేమ వాతావరణంలో రెండో రోజుకే బూజు పడుతుంది. బూజు గాలి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే పిట్టకి తిరుగు ఉండదు.

కొన్ని గడ్డి రకాల జోలికి అసలే వెళ్ళను. లేత జొన్న పిలకలు తిని పశువులు నాము వచ్చి పడిపోవడం మన రైతులందరికీ తెలుసు, ఆ మొక్కలో సైనైడ్ పుడుతుంది. గేదెనే కూల్చేదాన్ని పిట్టమీద పరీక్షించే ధైర్యం నాకు లేదు, పండిన జొన్న కంకి మాత్రమే పెడతాను. సజ్జ కంకి మీద జిగురు చుక్కలు కారుతుంటే అది తేనె బంక తెగులు. దానిలో తరవాత వచ్చే నల్లటి ముద్దలు విషం. వయ్యారిభామ గడ్డే కాదు గానీ గడ్డితో కలిసి చేతికొస్తుంది, ఏరి పారెయ్యాలి. ఇంకొకటి, చీర కుచ్చిళ్ళకు పట్టుకుని వదలని కంకి గడ్డి. కుట్టుపనిదాన్ని గనక దానితో నాకు పాతపగ. కొరకొరలాడే ఆ కంకి ముళ్ళు వెనక్కి తిరిగి ఉంటాయి. బయట చిన్న పిట్టలు వాటికి చిక్కుకుని చచ్చిపోయిన సందర్భాలు నమోదై ఉన్నాయి. మిరప వేలు చూశాక దానిని పంజరం దరిదాపుల్లోకి కూడా రానివ్వను.

ఇక ఎలా పెట్టాలన్నది. జీబ్రా ఫించ్‌లు నేలమీద మేసే పిట్టలు గనక పంజరం అడుగున ఒక పళ్ళెంలో గరిక చాపలా పరిచి, మీద చిటికెడు గింజలు చల్లితే గంటసేపు వెతుక్కుంటాయి. నిలువు కాడల్ని గుత్తిగా బరువైన మట్టి ముంతలో నిలబెట్టొచ్చు. కాడ ఊగుతుంటే పాదం ఒక్కోసారి ఒక్కోలా పట్టుకోవాలి, నున్నటి ప్లాస్టిక్ పుల్ల మీద రోజంతా ఒకే భంగిమలో కూర్చుంటే పాదాలు పుండ్లు పడతాయి. పంజరం ఎత్తుకంటే పొడుగు ముఖ్యం. మాది మూడడుగుల పొడుగు. గడ్డి పెట్టినా ఆ చివర నుంచి ఈ చివరకు ఎగరడానికి ఖాళీ మిగలాలి. అడవి చేద్దామని మొత్తం నింపేస్తే వాటికి దారి ఉండదు. నేను మొదట్లో నింపేశాను.

అన్నిటికంటే నాకు నచ్చింది అత్తయ్య చేసిన కుచ్చు. కోతల రోజుల్లో వరికంకుల్ని జడలా అల్లి, గుండ్రంగా తిప్పి, పిచ్చుకల కోసం చూరుకి, గుడి మండపానికి కట్టడం మన వైపు ఉన్నదే కదా. అత్తయ్య అదే అల్లికని చిన్నగా, ఊద కంకులతో అల్లింది. కాడల్ని గంటసేపు నీళ్ళలో నానబెట్టింది, లేకపోతే విరుగుతాయి. మూడేసి కాడలతో జడ వేస్తూ, ప్రతి మెలికకీ ఒక కొత్త కాడ కలుపుతూ, కంకులన్నీ ఒకే పక్కకి వేలాడేలా తిప్పింది. చివర ఒక గరిక తీగతో ముడి. దారం వాడబోతుంటే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. అరచేతి వెడల్పు కుచ్చు. పంజరం పై ఊచకి వేలాడదీస్తే రెండు పిట్టలూ తలకిందులుగా వేలాడి గింజ లాగడం, కుచ్చు గిర్రున తిరగడం, మళ్ళీ ఎక్కడం. గిన్నెలో పది నిమిషాల మేత ఇక్కడ ఒకటిన్నర పూట పట్టింది.

కుచ్చు పంజరం బయట కట్టిన రోజు ఒకటుంది. ఆరబెడదామని బాల్కనీలో వేలాడదీశాం. మధ్యాహ్నానికి నాలుగు జినువాయిలు వచ్చి వాలాయి. చాక్లెట్ రంగు మెడ, రొమ్ము మీద చేప పొలుసుల్లాంటి గీతలు. వరి చేలల్లో గుంపులుగా వాలే మన ఊరి పిట్టలే. మా అమ్మాయి కళ్ళు మెరిశాయి. "అమ్మా, వీటిని కూడా..." అంది. ఫించ్‌లకు ఇవి దగ్గరి చుట్టాలే, నిజమే. కానీ ఇవి మన అడవి పిట్టలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. అయినా సంతల్లో పంజరాల్లో కుక్కి అమ్మేవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు, కొన్నిటికి ఆకుపచ్చ, పసుపు రంగులు పూసి మరీ. మన చేతిలో ఉన్న జీబ్రా ఫించ్‌ల సంగతి వేరు, తరతరాలుగా పంజరాల్లోనే పుట్టి పెరిగినవి. బయట వదిలితే బతకడం కష్టం. ఇవన్నీ అమ్మాయికి చెబుతుంటే అత్తయ్య మధ్యలో "వాటికి పంజరం ఎందుకే, కుచ్చు ఉంటే అవే వస్తాయిగా" అనేసింది. ఆ రోజు నుంచి బాల్కనీలో ఒక కుచ్చు, పంజరంలో ఒక కుచ్చు.

అత్తయ్య ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది, మోకాళ్ళు సహకరించక. పొద్దున్నే మిద్దెక్కి డబ్బాలకు చెంబుతో నీళ్ళు పోస్తుంది. ఒక డబ్బా నిండా ఊదే. మొన్న పక్కింటావిడ బట్టలు ఆరేయడానికి వచ్చి, "అదేంటి పిన్నిగారూ, కలుపు మొక్క అంత ఏపుగా పెరిగిపోయింది, పీకెయ్యనా?" అని వంగింది.

"వద్దమ్మా," అంది అత్తయ్య, చెంబు పక్కన పెట్టి. "ఇంకా పాలు పోసుకోలేదు. గురువారానికి వస్తుంది."